రాయనివ్వని పలక

అయిదో ఏడు వచ్చిన పిల్లకి పలకా బలపం ఇస్తాం. ఆ పలక మీద ఎవరో ముందే అక్షరాలు రాసిపెట్టేసి, పిల్ల వాటిని చూస్తూ కూచోవడమే తప్ప తను గీత గీయడానికి వీల్లేకపోతే కొంటామా? కొనం. మరి "పాపకి కంప్యూటరు నేర్పిద్దామండీ" అంటూ దుకాణానికి వెళ్ళి ట్యాబు పట్టుకొస్తున్నామే, అది అలాంటి పలక కాదూ?

"మావాడు మూడేళ్ళకే వేలితో తోసి కార్టూన్లు పెట్టేసుకుంటాడు, ఎంత తెలివో!" అని మురిసిపోయే తల్లులకి ఒక్క మాట. అది తెలివి కాదమ్మా, అలవాటు. తెలివంతా ఆ యంత్రం చేసినవాడిది. టీవీలో వంటల కార్యక్రమం రోజూ చూసినంత మాత్రాన పులుసు పెట్టడం వస్తుందా? చెయ్యి కాలాలి, ఉప్పెక్కువ కావాలి, అప్పుడొస్తుంది.

కంప్యూటరు నేర్చుకోవడమంటే దానికి పని చెప్పడం. ఇదేం కొత్త సంగతి కాదు. 1967లోనే అమెరికాలో సీమోర్ పేపర్ట్ అనే గణితవేత్త తోటివాళ్ళతో కలిసి పిల్లల కోసం 'లోగో' అనే కంప్యూటరు భాష తయారుచేశాడు. తర్వాత అందులోకి ఒక తాబేలు వచ్చింది. 'ముందుకి 50, కుడికి 90' అని నాలుగు మాట్లు చెబితే చతురస్రం గీస్తుంది. 90 బదులు 80 అన్నారా, గీతలు కలవవు. ఎందుకు కలవలేదో వెతుక్కోవడమే అసలు చదువు. ఆ దారిలోనే 2007లో ఎం.ఐ.టి. వాళ్ళ 'స్క్రాచ్' వచ్చింది. ఎనిమిదేళ్ళు నిండిన పిల్లల కోసం చేసింది. పైసా ఖర్చు లేదు.

"ట్యాబులోనూ స్క్రాచ్ వస్తుందిగా?" అంటారు. వస్తుంది. పక్కనే వీడియోలూ వస్తాయి. ఎదురుగా మైసూర్‌పాకు పెట్టి ఎక్కాలు అప్పజెప్పమంటే ఏ పిల్ల అప్పజెబుతుంది?

అందుకని కీబోర్డూ మౌసూ ఉన్నదే కొనండి. ఖరీదైనది అక్కర్లేదు. ఎవరో వాడి పక్కన పెట్టిన డెస్క్‌టాప్ అయినా చాలు, డబ్బిచ్చే ముందు స్క్రాచ్ నడిపి చూపించమనండి. 2020లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 400 అయితే కీబోర్డులోనే కంప్యూటరు ఉంటుంది, టీవీకి తగిలించుకోవచ్చు. ఏదైనా సరే, పడకగదిలో కాదు, హాల్లో పెట్టండి. పాడుచేస్తారని భయమా? పగులుతుందని పలక కొనడం మానేశామా?

ఇంకో మాట. కొడుక్కి కొనిపెట్టి, "నువ్వూ చూడమ్మా" అని కూతుర్ని పక్కన కూచోబెట్టే ఇళ్ళు మనలో లేవంటారా? చూడడంతో ఏమొస్తుందో చెప్పుకున్నాం కదా! మీట నొక్కే వంతు దానికీ రావాలి. అడ్డొస్తే అన్నయ్యనే కాస్త పక్కకి జరగమనండి.