అద్దె తాళం, స్వదేశీ బోర్డు

2025 జులైలో రష్యాపై యూరోపియన్ యూనియన్ విధించిన కొత్త ఆంక్షల జాబితాలో గుజరాత్‌లోని వాడినార్ చమురు శుద్ధి కర్మాగారాన్ని నడిపే నయారా ఎనర్జీ కూడా చేరింది. అందులో దాదాపు సగం వాటా రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌ది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థకు సేవలు నిలిపివేసింది. లైసెన్సు రుసుము పూర్తిగా చెల్లించినా తమ సమాచారమే తమకు అందడం లేదంటూ నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. సేవలు త్వరలోనే తిరిగివచ్చాయి. కానీ భారత చట్టం ప్రకారం ఏ తప్పూ చేయని కంపెనీ ఉత్తరప్రత్యుత్తరాలను ఆపడానికి బ్రసెల్స్‌లో ఒక సంతకం చాలునని దేశమంతా చూసింది.

దీనికి ఢిల్లీ దగ్గర సిద్ధంగా ఉన్న మందు స్వదేశీ నినాదం. కేంద్ర ఉద్యోగుల ఈమెయిళ్లు జోహో వేదిక మీదికి చేరాయి. జోహో దేశీయ సంస్థ, సమర్థమైన సంస్థ కూడా. అయినా దాని ఆఫీసు సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ ఆ కంపెనీ సొత్తే. రేపు ధర పెంచినా, చేతులు మారినా, ప్రభుత్వం వేరొకరిని పిలిచి అదే సాఫ్ట్‌వేర్‌ను నడిపించమనలేదు. యజమాని చిరునామా మారింది, అద్దె ఇల్లు అద్దె ఇల్లుగానే ఉంది.

విచిత్రమేమిటంటే సరైన విధానం ఈ ప్రభుత్వం చేతిలోనే పుట్టింది. 2015లో ప్రకటించిన ఓపెన్ సోర్స్ విధానం ప్రకారం ప్రతి టెండరులోనూ ఓపెన్ సోర్స్‌ను పరిశీలించి తీరాలి. వద్దనుకుంటే కారణం చూపాలి. ఆ విధానాన్ని కుంగదీసింది విదేశీ కుట్ర కాదు, 'ఉచితం' అన్న మాట. లైసెన్సు పద్దులో సున్నా కనిపించగానే అధికారి నిర్వహణ పద్దులోనూ సున్నా వేస్తాడు. సర్వర్ పెట్టిన కుర్రవాడి కాంట్రాక్టు ముగుస్తుంది, భద్రతా సవరణలు ఆగిపోతాయి, ఒకరోజు అంతా కూలబడుతుంది. ఊరికే వచ్చినది ఇంతేనన్న తీర్పుతో మళ్లీ కోట్ల రూపాయల లైసెన్సుకు టెండరు పడుతుంది.

ఓపెన్ సోర్స్‌లో ఉచితమైనది వాడుకునే హక్కు, సంరక్షణ కాదు. ప్రపంచ ఇంటర్నెట్ భద్రతలో పెద్ద భాగాన్ని మోసే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, దాన్ని కాపాడేవారికి ఏటా అందుతున్న విరాళాలు దాదాపు 2,000 డాలర్లని తేలింది. ఆ పిసినారితనానికి మూల్యం ప్రపంచమంతా చెల్లించింది. మరోవైపు, కోడ్‌ను అందరి ముందూ పరిచి, దానికి వృత్తిపరమైన మద్దతును అమ్ముకున్న రెడ్ హ్యాట్‌ను 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. ఐబీఎం ధర్మసత్రం కాదు.

ఈ వ్యాపార సూత్రంలో కొనుగోలుదారుకు దక్కే అసలు లాభం బేరమాడే శక్తి. మద్దతు ఇచ్చే సంస్థ నచ్చకపోతే దాన్ని మార్చవచ్చు, సాఫ్ట్‌వేర్‌ను మార్చనక్కర లేదు. చెల్లించే డబ్బు లైసెన్సుగా దేశం దాటిపోకుండా స్థానిక ఇంజినీర్ల జీతంగా మారుతుంది. కేరళ పాఠశాలల్లోని దాదాపు రెండు లక్షల కంప్యూటర్లకు ఓపెన్ సోర్స్ వల్ల 3,000 కోట్లు మిగిలాయని అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ లెక్క కట్టింది. ఆ అంకెను కాస్త అనుమానించవచ్చు. అంత సొమ్ము ఏ విద్యాశాఖా ఎలాగూ ఖర్చు పెట్టేది కాదు. అంకె కంటే పెద్ద విషయం, అక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, వ్యవస్థను ఏళ్ల తరబడి సవరిస్తూ వచ్చే జీతగాళ్ల యంత్రాంగం ఉండటం.

లైసెన్సు కొంటే నిశ్చింత అనుకునేవారు శ్రీలంక వైపు చూడాలి. 2023లో అక్కడి ప్రభుత్వ ఈమెయిల్ వ్యవస్థపై సైబర్ దాడి జరిగి, మే నుంచి ఆగస్టు దాకా సమాచారం పోయింది. అది నడిచినది కాలం చెల్లిన మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ మీద. కొత్తది తేవడం ఆలస్యమవడానికి నిధుల కొరత ఒక కారణమని అధికారులే అన్నారు.

హైదరాబాద్, బెంగళూరు ఇంజినీర్లు విదేశీ సంస్థల లినక్స్ సర్వర్లకు రాత్రింబవళ్లు కాపలా కాస్తున్నారు. అదే పనికి సొంత ప్రభుత్వ బడ్జెట్లలో చోటు లేదు. ప్రతి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకూ కనీసం ఐదేళ్ల మద్దతు ఖర్చు మొదటి అంచనాలోనే ఉండాలి. 2015 విధానం అడిగిన ఆ 'కారణాలు' ఏ శాఖ ఏమి రాసిందో పార్లమెంటు ముందు పెట్టించాలి. ప్రతిపక్షానికి ఈ ప్రశ్న ఇంకా తట్టినట్టు లేదు.