బెంచీ మీద మనవాడు

2006 జులై 9. బెర్లిన్ నగరం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఫైనల్. ఫ్రాన్స్, ఇటలీ చెరో గోలు కొట్టి సమంగా ఉన్నాయి. అదనపు సమయం నడుస్తోంది. మనకప్పుడు తెల్లవారుజామున రెండు కావస్తోంది. ఉన్నట్టుండి ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ వెనక్కి తిరిగి, ఇటలీ ఆటగాడి గుండెల మీద తలతో ఒక్క కుమ్ము కుమ్మాడు. ఎర్రకార్డు! ఆ తర్వాత పెనాల్టీలు, ఇటలీ చేతికి కప్పు. నిద్ర మానుకుని టీవీ ముందు కూర్చున్న వాళ్లెవరూ ఆ రాత్రిని మర్చిపోలేరు.

కానీ అదే రాత్రి, అదే మైదానం అంచున, ఫ్రాన్స్ బెంచీ మీద ఒక పొట్టి మనిషి కూర్చుని ఉన్నాడు. జెర్సీ నంబరు ఎనిమిది. కోచ్ తనకేసి చూస్తాడేమోనని నెల రోజులుగా ఎదురుచూస్తున్నాడు. చూడలేదు. ఆ మనిషి పేరు వికాష్ రావు దొరసు.

పేరులో రావు ఏమిటి, దొరసు ఏమిటి అనిపిస్తోంది కదూ! నిజమే. అతను ఫ్రాన్స్‌లో పుట్టాడు. తల్లిదండ్రులది మారిషస్. పూర్వీకులది మన తెలుగు నేల.

చెరకు సంగతి అనకాపల్లి వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నరకడం, గానుగాడటం, పాకం దించడం, దిమ్మలు కట్టి మార్కెట్ యార్డుకు తోలడం... ఈ చుట్టుపక్కల చెరకు తెలియని కుటుంబం తక్కువ. 19వ శతాబ్దంలో ఆ పనే చేతకు వచ్చిన మనుషుల కోసం ఆంగ్లేయులు సముద్రం అవతలి నుంచి వెతుక్కుంటూ వచ్చారు. మారిషస్ చెరకు తోటల్లో బానిసత్వం రద్దయ్యింది. తోటల యజమానులకు చవకగా కూలీలు కావాలి. 1834 నవంబరు 2న 'అట్లాస్' ఓడలో కొందరు భారతీయులు పోర్ట్ లూయీ రేవులో దిగారు. అది మొదలు దాదాపు అయిదు లక్షల మంది ఆ రేవు మీదుగా వెళ్లారు. రేవు నుంచి పైకి ఎక్కడానికి పదహారు రాతి మెట్లు. అక్కడ పేరు రాయించుకుని తోటలకు పంపకం.

తెలుగువాళ్లలో చాలామంది కోరంగి, విశాఖ రేవుల నుంచి ఓడెక్కారు. అందుకే అక్కడ వాళ్లకు 'కోరింగీలు' అని పేరు పడింది. గుమాస్తాలు చెవికి వినబడినట్టు పేర్లు రాసుకున్నారు. అప్పడు, రాముడు లాంటి పేర్లు చివర 'ఊ' అని సాగి, ఇంటి పేర్లుగా స్థిరపడిపోయాయి. భాష తరం తరానికీ పల్చబడింది. అయినా మారిషస్‌లో ఉగాది ఇవాళ్టికీ సెలవు దినమే. సింహాద్రి అప్పన్న పూజ మానలేదు. సింహాచలం కొండకు ఇంత దగ్గర్లో ఉన్నవాళ్లకు ఆ పూజ అక్కడికెలా వెళ్లిందో వేరే వివరించనక్కర్లేదు.

ఆ దీవి నుంచి మళ్లీ పని వెతుక్కుంటూ కొన్ని కుటుంబాలు ఫ్రాన్స్ చేరాయి. అలా చేరిన ఒక ఇంట్లో, లె ఆవ్ర్ ఓడరేవును ఆనుకుని ఉన్న ఆర్‌ఫ్లర్ అనే ఊళ్లో, 1973 అక్టోబరులో వికాష్ పుట్టాడు. ఆ రేవు పట్నానికి ఒక గొప్ప ఉంది. ఫ్రాన్స్‌లో అన్నిటికంటే పాత ఫుట్‌బాల్ క్లబ్బు తమదేనని వాళ్లు చెప్పుకుంటారు. 1872లో పెట్టిన క్లబ్బు అది. కుర్రాళ్లను తీర్చిదిద్దడంలో దానికి మంచి పేరుంది. ఆ తర్వాతి కాలంలో పోగ్బా, మహ్రెజ్ లాంటి వాళ్లు అక్కడ మెరుగులు దిద్దుకున్న వాళ్లే. వికాష్ అక్కడే ఆట నేర్చి, 1993లో సీనియర్ జట్టులోకి వచ్చాడు. అయిదేళ్లు అక్కడే ఆడాడు.

అతనిది మిడ్‌ఫీల్డర్ స్థానం. గోళ్లు గిల్లుకుంటూ చూసే ప్రేక్షకుడికి గోలు కొట్టినవాడే కనిపిస్తాడు. అవతలివాడి కాళ్ల సందుల్లోంచి బంతి లాక్కుని, తలెత్తి చూసి, ఖాళీగా ఉన్న చోటుకి సరిగ్గా అందించినవాడు కనిపించడు. వికాష్‌ది ఆ రెండో పని. బంతి కాళ్ల దగ్గర ఉంటే ఒడుపుగా తిప్పుకునేవాడు. బలం తక్కువ, బుర్ర ఎక్కువ. ఇలాంటి ఆటగాళ్లను కోచ్‌లు మెచ్చుకుంటారు గానీ, జట్టు కూర్పులో తేడా వచ్చినప్పుడు మొదట పక్కన పెట్టేదీ వాళ్లనే.

1998లో లియాన్ కొనుక్కుంది. అక్కడి నుంచీ అదృష్టం అతనితో దోబూచులాడింది. 2001లో లియాన్‌తో లీగ్ కప్పు గెలిచాడు. అదే ఏడాది బోర్డో క్లబ్బుకు మారాడు. 2002లో అక్కడా లీగ్ కప్పు అందుకున్నాడు. బాగానే ఉంది కదా అనుకుంటే... సరిగ్గా ఆ సీజన్లోనే లియాన్ తన చరిత్రలో మొదటిసారి ఫ్రాన్స్ లీగ్ ఛాంపియన్ అయ్యింది. మూడేళ్లు ఆ జట్టు కోసం చెమటోడ్చినవాడు, పండగనాడు పొరుగూళ్లో ఉన్నాడన్నమాట. తిరిగి లియాన్ వచ్చి 2003, 2004ల్లో వరసగా రెండు లీగ్ టైటిళ్లలో పాలుపంచుకున్నాడు గానీ, మొదటి ముద్ద రుచి వేరు.

తర్వాతి మజిలీ ఇటలీ. 2004లో ఏసీ మిలాన్. మాల్దినీ, పిర్లో, కాకా, సీడార్ఫ్, షెవ్‌చెంకో... ఒకే గదిలో ఇంతమంది మహామహులు. ఆ వరసలో వికాష్‌కు చోటు దొరకడమే గొప్ప. మైదానంలో చోటు మాత్రం అరుదుగా దొరికింది. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. విరామానికి మిలాన్ 3-0 ఆధిక్యం. రెండో సగంలో ఆరు నిమిషాల్లో లివర్‌పూల్ మూడు గోళ్లూ తిరగ్గొట్టి, చివరికి పెనాల్టీల్లో కప్పు ఎత్తుకుపోయింది. యూరప్ ఫుట్‌బాల్ ఇప్పటికీ చెప్పుకునే ఆ రాత్రి కూడా వికాష్ బెంచీ మీదే ఉన్నాడు. మిలాన్ ముగ్గుర్ని మార్చింది. అతన్ని పిలవలేదు.

ఇక్కడ మన సంగతి ఒక మాట. తెలుగునాట ఫుట్‌బాల్ అంటే ఒకప్పుడు హైదరాబాదే. రహీమ్ సాబ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అయితే ఆటనే నమ్ముకున్న హైదరాబాదీలు పొట్ట చేతబట్టుకుని కలకత్తా రైలెక్కాల్సిందే. బలరాం, హబీబ్, నయీముద్దీన్ అంతా అలా వెళ్లినవాళ్లే. 1977లో పీలే కలకత్తా వచ్చి ఆడినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన హబీబ్‌కు కూడా విదేశీ క్లబ్బు పిలుపు అందని ద్రాక్షే. నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడటానికి వెళ్లేసరికి మన దగ్గర చాలామందికి అదొక వింత. వికాష్ దారి వేరు. అతని తాత ముత్తాతలు ఎప్పుడో కట్టిన ఓడ ప్రయాణపు చార్జీ అతన్ని నేరుగా యూరప్ మైదానాల నడిమధ్యకు చేర్చింది.

2005లో అతను పారిస్ సెయింట్ జెర్మేన్‌లో చేరాడు. ఆ ఒక్క ఏడాదే అతని జీవితంలో అన్నీ జరిగాయి.

ఫ్రాన్స్ జాతీయ జట్టుకు 1999లోనే మొదటిసారి ఆడినా, నిలదొక్కుకోలేకపోయాడు. కోచ్ దొమెనెక్ వచ్చాక మళ్లీ పిలుపు అందింది. 2005 అక్టోబరులో సైప్రస్ మీద 4-0 గెలుపులో ఒక గోలు కొట్టాడు. ఆ గెలుపుతోనే ఫ్రాన్స్ ప్రపంచ కప్పుకు అర్హత సాధించింది. దేశం తరఫున 18 మ్యాచ్‌లు ఆడిన వికాష్‌కు అదొక్కటే గోలు.

2006 ఏప్రిల్ 29. ఫ్రెంచ్ కప్పు ఫైనల్. పారిస్, మార్సెయ్ జట్ల మధ్య వైరం ఉప్పు, నిప్పు లాంటిది. మొదట్లోనే పారిస్ ఒక గోలు కొట్టింది. విరామం ముగిసి ఆట మొదలైన కాసేపటికే, గోలుకు చాలా దూరంలో ఉన్న వికాష్ కాలు ఝళిపించాడు. బంతి వెళ్లి వలలో పడింది. మార్సెయ్ తర్వాత ఒకటి తిరిగి కొట్టింది గానీ 2-1తో కప్పు పారిస్‌దే. అంటే, గెలిపించిన గోలు వికాష్‌దే. ఎప్పుడూ ఇతరులకు బంతి అందించేవాడి పేరు ఆ రాత్రి స్టేడియం అంతా మారుమోగింది. అప్పటికి అతని వయసు 32.

ఆ ఊపులోనే జూన్‌లో జర్మనీ. భారత సంతతి ఆటగాడు ప్రపంచ కప్పు ఆడబోతున్నాడని పత్రికలు రాశాయి. జూన్ 13న స్విట్జర్లాండ్ మీద ఆట చివర్లో దింపారు. స్కోరు 0-0. జూన్ 18న దక్షిణ కొరియా మీద మళ్లీ ఆఖరి నిమిషాల్లోనే. 1-1. రెండూ కలిపినా ఇరవై నిమిషాలకు లోపే. అంతే! ఆ తర్వాత ఫ్రాన్స్ టోగోను, స్పెయిన్‌ను, బ్రెజిల్‌ను, పోర్చుగల్‌ను ఓడిస్తూ పోయింది. జట్టు గెలిచే కొద్దీ అతనికి అవకాశం తగ్గింది. గెలుస్తున్న జట్టును ఏ కోచ్ అయినా ఎందుకు మారుస్తాడు? దొమెనెక్‌ను తప్పు పట్టడానికి లేదు. బయట కూర్చున్నవాడి బాధా అబద్ధం కాదు.

మిగతా ఆటగాళ్లు ఇలాంటప్పుడు సంగీతం వింటారు, పేకాడతారు. వికాష్ చేసింది వేరు. ప్రపంచ కప్పుకు బయల్దేరే ముందే ఫ్రెడ్ పూలె అనే మిత్రుడు అతని చేతికి సూపర్-8 కెమెరా ఇచ్చాడు. పాతకాలపు చిన్న ఫిల్మ్ కెమెరా అది. హోటల్ గది, కిటికీ అవతలి చెట్లు, ఖాళీ వరండా, బస్సు అద్దం... ఏది కనిపిస్తే అది తీశాడు. తన గొంతుతో తన మనసులో మాట చెప్పుకున్నాడు. అవన్నీ కలిపి మరుసటి ఏడాది సినిమాగా వచ్చాయి. పేరు 'సబ్‌స్టిట్యూట్'. అందులో గోళ్లు లేవు, కేరింతలు లేవు. పిలుపు కోసం ఎదురుచూసే మనిషి ఉన్నాడు.  జట్టు లోపలి సంగతులు బయట పెట్టడం తగునా అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఆ విసుగులో కొంత న్యాయం లేకపోలేదు. జట్టంతా కప్పు గురించి ఆలోచిస్తుంటే ఒకడు తన గురించి ఆలోచించాడన్నది వాళ్ల ఫిర్యాదు. కానీ ప్రతి జట్టులోనూ పన్నెండో వాడి నుంచి ఇరవై మూడో వాడి దాకా ఆ ఆలోచన ఉంటుంది. వికాష్ దాన్ని దాచలేదు, అంతే తేడా.

చిత్రం ఏమిటంటే, బెర్లిన్‌లో ఫైనల్ జరిగిన ఆ జులై నెలలోనే, పోర్ట్ లూయీలో వలస కూలీలు దిగిన పదహారు మెట్ల రేవు 'ఆప్రవాసీ ఘాట్'ను యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడంగా ప్రకటించింది. 

జర్మనీ నుంచి తిరిగొచ్చేసరికి పారిస్‌లో పరిస్థితి మారిపోయింది. కోచ్ గీ లకోంబ్‌కూ వికాష్‌కూ పొసగలేదు. తనను పక్కన పెట్టడం మీద వికాష్ పత్రికల్లో బాహాటంగానే మాట్లాడాడు. క్లబ్బు ఊరుకోలేదు. 2006 అక్టోబరులో ఉద్యోగం నుంచి తీసేసింది. ఆటగాడిని అమ్మడం, అద్దెకివ్వడం, ఒప్పందం అయ్యేదాకా మూలన కూర్చోబెట్టడం మామూలే. ఏకంగా తొలగించడం మాత్రం, 1973లో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల నిబంధనావళి వచ్చాక అదే మొదటిసారి అన్నారు. ఏప్రిల్‌లో కప్పు తెచ్చిపెట్టిన గోలు, జులైలో ప్రపంచ కప్పు ఫైనల్ బెంచీ, అక్టోబరులో చేతికి తొలగింపు కాగితం. ఆరు నెలలు నిండలేదు.

2007లో ఇటలీలోని లివోర్నో క్లబ్బు చేరదీసింది. అక్కడ ఒక్క మ్యాచ్ అయినా ఆడకుండానే కొన్ని నెలలకు బయటికి వచ్చేశాడు. 2008 జనవరిలో ఆటకు సెలవు చెప్పాడు. రెండు దేశాలు, ఆరు క్లబ్బులు, రెండు లీగ్ టైటిళ్లు, ఒక ప్రపంచ కప్పు రజతం. లెక్కలో చూస్తే ఎవరికైనా అసూయ పుట్టే జీవితమే.

ఆ తర్వాత పోకర్ పోటీల్లో కూర్చున్నాడు. ఎదురుచూడటం బాగా అలవాటైనవాడికి ఆ ఆట సరిపోయింది కాబోలు. ఫుట్‌బాల్‌లో స్వలింగ సంపర్కుల మీద చూపే వివక్షకు వ్యతిరేకంగా నడిచిన పారిస్ క్లబ్బుకు అండగా నిలిచాడు. గెలుపు పిచ్చి లేకుండా సరదాగా ఆడుకునే ఫుట్‌బాల్ కోసం మిత్రులతో కలిసి 'తతాన్' అనే సంఘం పెట్టాడు. 2020లో పారిస్ నగరపాలక ఎన్నికల్లో వామపక్షం తరఫున 18వ వార్డు నుంచి పోటీ చేశాడు. వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట అది. గెలవలేదు. అభ్యర్థుల జాబితాలో మాత్రం మొదటి పేరు అతనిదే.