నాథులున్న యనాథలు

మనవారిలో నిటీవల నొక క్రొత్త ధర్మము ప్రబలినది. ఇంట బిడ్డ పుట్టినదినమో, పెద్దల తద్దినమో వచ్చినప్పుడు సకుటుంబముగా నొక యనాథ శరణాలయమునకు బోయి, అచ్చటి పిల్లలకు మిఠాయిలు పంచి, వారి నడుమ నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని, ఆ చిత్రమును నాటి రాత్రి లోపల బంధుమిత్రుల ఫోనుల కన్నిటికి బంపుట యా ధర్మము. మంచిదే యని నేనును చాలకాలము తలచితిని. మనయింట మిగిలి పాచిపోవు పాయసము పేదబిడ్డ నోట బడుట మేలు కదా.

గత సంవత్సరము మిత్రుడొకడు పిలువగా నేనును వెళ్లితిని. అది హెచ్.ఐ.వి. యను క్రిమితో బుట్టి తలిదండ్రులను గోల్పోయిన పిల్లల నుంచు గృహము. ముప్పదిమంది దాక పిల్లలు చాపలపై వరుసగా గూర్చుండిరి. మిత్రుని కుమారుడు కేకు కోసెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. వారికది యలవాటైన పని. ఆ నెలలో నది నాలుగవ పుట్టినపండుగ యని యచ్చటి యాయమ్మ నాతో జెప్పెను. పిమ్మట నా యాయమ్మ కేకు ముక్కలను బంచుచు, ఒక ముక్కను మిత్రుని కుమారునకు నీయబోగా, వాని తల్లి చేయి యడ్డుపెట్టి, "వీనికి జలుబు చేసినది, వలదమ్మా" అనెను. బాలునకు జలుబు లేదు. తిరిగి వచ్చునప్పు డామె కారులో శానిటైజరు సీసా తీసి వాని రెండు చేతులను మోచేతుల వఱకు దుడిచెను.

ఆమె మూర్ఖురాలు కాదు. కళాశాలలో జీవశాస్త్రము చదివినది. తాకుటచేత గాని, ఒక పళ్లెమున గుడుచుటచేత గాని, దోమకాటుచేత గాని యీ వ్యాధి యంటదని నాకంటె నామెకే బాగుగ దెలియును. పుస్తకమున జదివిన సత్యము చేతికి దిగిరాకపోవుట యొక విచిత్రము. మన చదువులో నెచ్చటనో తలకును చేతికిని నడుమ నొక యడ్డుగోడ కట్టబడి యున్నది.

ఆనాడు నేను యాయమ్మ నడిగిన ప్రశ్న యొక్కటే: "వీరి కెవ్వరును లేరా?" ఆమె నవ్వెను. "ఎందుకు లేరయ్యా, ఇంచుమించుగా నందఱికిని ఉన్నారు" అనెను. మూలనున్న పండ్రెండేండ్ల బాలుని జూపి, వానికి నాయనమ్మ యున్నదనియు, ఇద్దఱు పెదతండ్రులు గలరనియు, తండ్రి భాగమునకు వచ్చిన యెకరమున్నర మాగాణి గలదనియు జెప్పెను. పట్టాదారు పాసుపుస్తకము పెద్ద పెదతండ్రి పెట్టెలో నున్నది. బాలుడు మాత్రము చాపపై నున్నాడు. సంక్రాంతికి నాయనమ్మ యరిసెలు మూటగట్టుకొని బస్సులో వచ్చి, సాయంకాలము దాక కూర్చుండి పోవునట. "మావాడిని తీసికొనిపోదు నన్నచో కొడుకులు నన్నును వాకిట నుంతు రమ్మా" అని యామె యేడ్చినదట.

అనాథ యనగా నాథుడు లేనివాడు. ఈ బాలునకు నాథులు లేకపోలేదు. ఉన్నవారు వానిని విడిచిపెట్టిరి. వాని తలిదండ్రులను గొనిపోయినది వ్యాధి. వాని యింటిని, పొలమును, బడిని, తోడి పిల్లల యాటలను గొనిపోయినవారు మనుష్యులు. అట్లు గొనిపోయిన పిమ్మట మనము మిఠాయి పొట్లములతో వచ్చి, "పాపము, అనాథ" యని పేరు పెట్టి, పెదతండ్రులు చేసిన పనికి ధర్మముద్ర వేయుచున్నాము. ఇదియే నా యభియోగము. దాతలకు గోపము వచ్చిన రానిండు.

ఈ వ్యాధి మనదేశమున మొదట బయటపడినది 1986 లో, చెన్నపట్టణమున డాక్టరు సునీతి సోలొమన్ గారును నిర్మల గారును జరిపిన రక్తపరీక్షలలో. తరువాతి పదునైదేండ్లలో నది పనికై వలసపోయిన పురుషుల వెంట గ్రామములకు వచ్చి, ఏమియు నెఱుగని యిల్లాండ్రకును వారి కడుపులోని శిశువులకును సంక్రమించెను. ఆ కాలమున జనులు మందు లేక చావలేదు, మందు వెల యందక చచ్చిరి. సంవత్సరమునకు 10,000 డాలర్లకు మించిన యా మందులను 2001 లో బొంబాయి సిప్లా కంపెనీ 350 డాలర్లకే యిత్తునని ముందుకు వచ్చెను. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము వానిని ఉచితముగ నిచ్చుట కారంభించెను. మొదట నారంభమైన రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశమును గలదు. పిల్లలకు దగిన మోతాదుల చికిత్స 2006 నవంబరులో మొదలయ్యెను. నేడు ప్రపంచమున బేదదేశముల రోగులు మ్రింగు మాత్రలలో ననేకము హైదరాబాదు చుట్టుపట్ల కర్మాగారములలో దయారగుచున్నవి. మందు మన వాకిట బుట్టుచున్నది. ఆ మందు మ్రింగు బిడ్డకు మాత్రము మన వాకిట జోటు లేదు.

ఇది యెచ్చటనో దూరదేశపు మాట యనుకొనరాదు. 2021 నాటి ప్రభుత్వపు అంచనాలలో దేశమున వయోజనులలో నూటికి 0.21 వంతున నీ వ్యాధి యుండగా, ఆంధ్రప్రదేశమున నది 0.67, తెలంగాణమునను దేశపు సగటునకు రెట్టింపు మించినది. గర్భిణికి సకాలమున మందిచ్చినచో శిశువునకు సంక్రమించు భయము నూటికి 5 కంటె దక్కువ; ఈయకున్న 15 మొదలు 45 వఱకు. పుట్టుకతో వచ్చినను, ప్రతిదినము వేళ దప్పక మాత్ర మ్రింగిన బిడ్డ నెత్తుటిలో నా క్రిమి పరీక్షకు సైత మందనంతగా నణగిపోవును. అట్టి బిడ్డ చదివి, ఉద్యోగము చేసి, పెండ్లాడి, వ్యాధిలేని పిల్లలను గని ముదుసలి కావచ్చును. కావున "ఉన్నన్నాళ్లు సుఖముగా నుండనిండు" అని కన్నీరు తుడుచుకొని కేకు కోయుట కిప్పుడు హేతువు లేదు. ఆ పిల్లలు చావునకు కాచుకొని యున్నవారు కారు. పదవ తరగతి పరీక్షకు కాచుకొని యున్నవారు.

తలిదండ్రుల పాపమే బిడ్డలకు దగిలినదనువారితో నేను వాదమునకు బూనను. బాల్యవివాహమునకును, వితంతువు శిరోముండనమునకును గూడ నీ కర్మసిద్ధాంతమునే సాక్ష్యమునకు బిలిచినవారి మనుమలు వీరు. తాతలను సమాధానపఱచినవారే లేరు.

మఱియొక యాక్షేపణ కొంత గౌరవింప దగినది. "మా పిల్లల క్షేమము మేము చూచుకొనవలదా?" యని తల్లులందురు. చూచుకొనవలసినదే. 2003 లో కేరళమున తలిదండ్రులు పోయిన యిద్దఱు తోబుట్టువులను బడిలో నుంచరాదని తోడి పిల్లల తలిదండ్రులు పట్టుపట్టిరి. నాటి కేంద్రారోగ్యమంత్రి సుష్మా స్వరాజ్ గారు ఆ పిల్లలను లోకమెదుట గౌగిలించుకొనిరి. అది జరిగి యిరువదియేండ్లు దాటినది. ప్రక్కబల్లపై గూర్చున్నందున నొక బిడ్డకైన నీ వ్యాధి యంటినదని యీ నాలుగు దశాబ్దములలో నెవ్వరును జూపలేకపోయిరి. ఇంతకంటె నేమి ప్రమాణము కావలెను? కుష్ఠునకు మందు దొరకి దశాబ్దములు గడచిన తరువాతను 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016 వఱకు మన చట్టగ్రంథములలో నుండెను. క్రిమి చచ్చిన చాల కాలమునకు గాని భయము చావదు కాబోలు.

శరణాలయములను నేను నిందించుట లేదు. ఉచితపు మందు రాకపూర్వము, బంధువులు శవమును ముట్టనొల్లని దినములలో, రోగుల పుండ్లు కడిగి, వారి బిడ్డల నొడిలోనికి దీసికొన్న గృహములు మనదేశమున గలవు. నిజముగా నెవ్వరును లేని బిడ్డకు నేడును శరణాలయమే దిక్కు. కాని "ముసలిది గంజి పోయునుగాని మేము గ్రుడ్డును పాలును పెట్టుదుము" అని నాయనమ్మ యొడినుండి బిడ్డను దెచ్చుట ధర్మము కాదు. ఆ గ్రుడ్డును పాలును నాయనమ్మ యింటికే యేల పంపరాదు? 2015 నాటి బాలల న్యాయచట్టమే శరణాలయమును చిట్టచివరి యుపాయముగా జెప్పుచున్నది. బంధువుల యింట బెరుగు నిరాధార బాలునకు నెలకు 4,000 రూపాయల సహాయమును 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనలు చూపుచున్నవి. ఆ రూపాయల కర్జీ వ్రాసిపెట్టు చదువరి యొకడు గ్రామమున నున్నచో నెన్ని చాపలు ఖాళీ యగునో! కాని యర్జీ వ్రాయుచున్నప్పుడు ఛాయాచిత్రము రాణింపదు.

ఛాయాచిత్రము మాట వచ్చినది గావున నిక్కడ గొంచెము నిలువవలెను. సంరక్షణ కోరు బాలుర గుర్తింపును బయటపెట్టుట పైచట్టము ననుసరించి నేరము. ఆఱునెలల వఱకు కారాగారము గాని, రెండులక్షల వఱకు జుర్మానా గాని, రెండును గాని దానికి శిక్ష. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్సు చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి యమలులో నున్నది. అదియు సమ్మతి లేక యొకని వ్యాధిస్థితిని వెల్లడింపరాదని శాసించుచున్నది. మనము చేయుచున్నదేమి? శరణాలయపు బల్ల వెనుక గనబడునట్లుగా నిలిచి, ఎనిమిదేండ్ల బాలికను జంక నెత్తుకొని, చిత్రమును లోకమునకు బంచుచున్నాము. ఆ బాలికకు బదునెనిమిదేండ్లు వచ్చును. పట్టణమున వసతిగృహము వెదకికొనును, కొలువునకు బోవును. ఆనాడు మన దయాచిత్ర మెవ్వరి చేతనో బడును. మన పుణ్యము మనకు దక్కును. ఆమె గది యామెకు దక్కదు.

ఆ పిల్లల దినచర్యలో మాత్ర మ్రింగుటకు గల ప్రాధాన్యము చూచినవారికి గాని తెలియదు. వేళ దప్పరాదు, తఱచు దప్పినచో క్రిమి మందునకు లొంగక మొండికెక్కును, అంతకంటె గష్టమైన మందులు కావలసి వచ్చును. బడి వసతిగృహమున నుండు పిల్లవాడు సీసాపై కాగితమును చింపివేసి, పేరులేని సీసాను బట్టలపెట్టె యడుగున దాచుకొనును. తోడివారు నిద్రించిన పిమ్మట నీరు లేకుండ మ్రింగును. "అదేమి మాత్ర" యని యెవ్వరైన నడిగిన, బలమునకనును. విహారయాత్రకు బొమ్మన్న నా రెండు దినములు మానివేయును. వానికి దన వ్యాధి పేరును పదమూడు పదునాలుగేండ్ల వఱకు చెప్పినవారుండరు. ఒకనాడు గోడమీది ప్రకటనలో జదివి తానే గ్రహించును. ఆ రాత్రి వాని ప్రక్కన గూర్చుండు పెద్దవా రొకరు కావలెను. దాతలారా, ఆ యొకరికి జీతమిచ్చుట మీ చేతనగునా? నెలకొకసారి చికిత్సాకేంద్రమునకు బోవ బస్సు ఖర్చు, ఆనాడు కూలి పోగొట్టుకొను నాయనమ్మకు భత్యము, రాత్రి దీపముక్రింద లెక్కలు చెప్పు మాస్టరు: ఇవి వారి యక్కఱలు. వీనిలో నొక్కదానిపైనను మన పేరు చెక్కించుటకు వీలులేదు.

లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళ కానివేళ వచ్చిన బాటసారికి దన యింటనే వడ్డించెను గాని పొట్లము గట్టి యూరి వెలుపలికి బంపలేదు. ఆమె పేరు చెప్పుకొని మురియు జాతి యీ బేధము గ్రహింపవలదా?

ఇక పొలము సంగతి. ఇది మనవారి కందఱికిని దెలిసియు నెవ్వరును ఎత్తని మాట. వ్యాధి బాధితుల పిల్లల యాస్తిని గాపాడుటకు 2017 నాటి చట్టమున బ్రత్యేకముగా నేర్పాటు గలదు. పిల్లవాడు గాని, వాని సంరక్షకులు గాని జిల్లా బాలల సంక్షేమ సమితి యొద్దకు బోయి యాస్తిపత్రములను భద్రపఱుపుమని కోరవచ్చును. ఆక్రమించిరని ఫిర్యాదు చేయవచ్చును. తలిదండ్రులు లేని కుటుంబమును నడపు పండ్రెండేండ్లు నిండిన యక్కయో అన్నయో తగిన తెలివిగలవారైనచో, తమ చిన్నవారికి బడిలో జేర్చుటకును చికిత్స చేయించుటకును బ్యాంకు లెక్క నడపుటకును సంరక్షకులుగా నుండవచ్చునని గూడ నా చట్టమే చెప్పుచున్నది. పండ్రెండేండ్ల బాలికను నమ్మి చట్టము చేయి యందించినది. ఆ సంగతి యా బాలికకు జెప్పవలసిన విద్యావంతులము, కేకుపై నెన్ని క్రొవ్వొత్తులు నిలుపవలెనో లెక్కించుకొనుచున్నాము.

మిత్రుని కుమారుని పుట్టినదినము మరల వచ్చుచున్నది. ఈసారి శరణాలయమునకు బోవలదనియు, ఆ వెల నాకిచ్చినచో నాయనమ్మను వెంటబెట్టుకొని జిల్లాకేంద్రమునకు బోయి వచ్చెదననియు వ్రాసితిని. ప్రత్యుత్తరము రాలేదు, కోపము వచ్చినదని వింటిని. ఆయన భార్య మాత్రము నిన్న సాయంకాలము తానొక్కతయే మాయింటికి వచ్చి, బస్సు ఎన్నిగంటల కని యడిగి పోయినది. అర్జీ సిద్ధముగా నున్నది. ముసలమ్మ వ్రేలిముద్ర వేసినది. పాసుపుస్తకపు నకలు కొఱకు తహసీలుదారు కచేరీలో నింకను దిరుగుచున్నాము.