పందిరి క్రింద స్తుతి, పొయ్యి యొద్ద మౌనము



మన మెట్ట గ్రామములలో కృతజ్ఞత కూడిక అనగానే అందరికిని ఒక దృశ్యము కండ్లయెదుట నిలుచును. వీధికి అడ్డముగా పందిరి, రెండు మైకులు, అద్దె కుర్చీలు, ఇంటివారి ఫోటోలతో నిలువెత్తు ఫ్లెక్సీ, పట్టణమునుండి వచ్చిన ప్రసంగీకుడు, చివరకు వేటమాంసముతో భోజనము. ఇట్టి కూడిక ఎప్పుడు పెట్టుదురు? కుమారునికి ఉద్యోగము వచ్చినప్పుడు. కుమార్తెకు అమెరికా వీసా దొరికినప్పుడు. స్లాబు ఇల్లు పూర్తియైనప్పుడు. ఆపరేషను జరిగి ప్రాణము నిలిచినప్పుడు. ఇవి కృతజ్ఞతకు తగినవి కావని ఎవరును అనరు. అయితే మిమ్మును ఒక ప్రశ్న అడుగుదును. మీ జీవితములో ఇట్టివి ఎన్ని వచ్చినవి? లెక్కించుటకు రెండు చేతుల వ్రేళ్లు చాలును. మిగిలిన వేలకొలది దినముల మాట ఏమి? ఆ దినములలో దేవుడు మీ యింటికి రాలేదా?

చెప్పదలచినది సూటిగానే చెప్పుచున్నాను. పందిరి క్రింద బిగ్గరగా స్తుతించి, పొయ్యి యొద్ద మౌనముగా నుండువాని కృతజ్ఞత సగము కృతజ్ఞతయే. ఆ సగములోను కొంతభాగము దేవునికి కాదు, ఊరివారికి వినిపించుటకు చేసినది.

మొదట, చిన్నవని మనము త్రోసివేయువాటిని పేరుపెట్టి చూతము. ఎండాకాలమున కుండలోని చల్లని నీళ్లు. పత్తి తీసి వచ్చిన సాయంకాలము ఒంటిమీద పడు వేడినీళ్లు. గోంగూర పచ్చడి, దానితో నంజుకొను ఉల్లిపాయ. కుంకుడుకాయ తలంటు. బడినుండి వచ్చిన పిల్ల గుమ్మములో సంచి పడవేసి "అమ్మా" అని పిలుచు పిలుపు. వేపచెట్టు క్రింద నులకమంచము. నల్లరేగడి నేలపై తొలకరి పడినప్పుడు లేచు వాసన. మామ్మ బోసినోటితో పాడు కీర్తన. వీటికొరకు ఎవరును పందిరి వేయరు. అయినను వీటిలో కొన్ని ఒక నెల దినములు మీ యింట లేకపోయినయెడల ఆ యిల్లు ఇల్లుగా నుండదు.

ఇవి చిన్నవని ఎవరు చెప్పిరి? మీ కంచములోని తెల్లని అన్నము సంగతి వినుడి. బెజవాడ యొద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తియైనది. దిగువనున్న డెల్టా పచ్చబడినది. ఎగువనున్న మన నందిగామ, జగ్గయ్యపేట మెట్టకు ఆ నీరు ఎక్కలేదు. మునేరును, పాలేరును ప్రక్కనే పారుచున్నను మన చేలు వానకొరకు ఆకాశమువైపే చూచినవి. జొన్నకూడు దినదినము తిండి. వరియన్నము పండుగనాటి మాట. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. ఆ తరువాతి కాలమున ఎడమకాలువ నీరు మన ప్రాంతపు చేలకును చేరినది. కాలువ చివరనున్న చేలకు అది ఇప్పటికిని కొన్ని యేండ్లు సరిగా అందదు. మీ తాతలు పండుగకొరకు ఎదురుచూచిన అన్నమును మీరు నేడు సెల్‌ఫోను చూచుకొనుచు, రుచికూడ తెలియకుండ మ్రింగుచున్నారు. తాతకు పండుగయైనది మనుమనికి ఎట్లు చిన్నదాయెను? అన్నము మారలేదు. చూచు కన్ను మారినది.

మరియొక సంగతి. 2023 జూలై నెలాఖరున మునేరు పొంగి, నందిగామ సమీపమున ఐతవరము యొద్ద జాతీయ రహదారిమీదనే ప్రవహించినది. హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిపోయినవి. 2024 సెప్టెంబరు మొదట మునేరు, పాలేరు మరల పొంగినవి. నీరు తీసిన తరువాత బురదయింటిలో అడుగుపెట్టిన తల్లి మొదట దేనిని వెదకును? తడవని బియ్యమును, మండగల పొయ్యిని, బిడ్డకు తొడుగుటకు ఒక పొడిగుడ్డను వెదకును. ఆ దినమున ఒక గ్లాసు వేడి టీ దొరికినవాడు దానిని రెండు చేతులతో పట్టుకొని త్రాగును. వరద వచ్చినప్పుడు మాత్రమే మనకు టీ విలువ తెలియవలెనా? దేవుడు ముంచితేనేగాని మేల్కొననివారమా మనము?

"అందరికిని ఉన్నదానికి ప్రత్యేకముగా వందనములు ఎందుకు?" అని కొందరు వాదింతురు. అందరికిని లేదని వారికి తెలియదు కాబోలు. ఒకవేళ అందరికిని ఉన్నను, అందరికిని ఇచ్చినవాని చేయి పెద్దదగునేగాని చిన్నదగునా? అరణ్యములో ఇశ్రాయేలీయులకు మన్నా ఏ పూటకాపూట దొరికినది. మరునాటికని దాచుకొన్నది పురుగుపట్టినది. దేవునికి ఒక్కసారే గిడ్డంగి నింపి ఇచ్చుట చేతకాకనా? కాదు. ప్రతి ఉదయమున నేలకు వంగి ఏరుకొనువాడు ఇచ్చినవానిని మరచిపోడు. గిడ్డంగి తాళపుచెవి నడుమునకు కట్టుకొన్నవాడు మరచిపోవును. మన ప్రభువు ప్రార్థన నేర్పినప్పుడును యేడాది గింజలు అడుగుమనలేదు. ఆ దినపు ఆహారమును అడుగుమనెను. అడుగుట దినదినము, వందనములు మాత్రము యేడాదికొకసారియా? ఇది ఏ వ్యాపారములోని లెక్క?

పెద్ద కూడికకొరకు అప్పుచేయువారితో ఒక మాట. మిరప అమ్మిన తరువాత తీర్తునని వడ్డీకి తెచ్చి పందిరి వేయుదురు. మాంసము తిన్నవారు మరచిపోవుదురు; వడ్డీ మరువదు. పందిరి విప్పిన మరునాడు ఆ యింటిలో భార్యాభర్తలు ఒకరినొకరు నిందించుకొందురు. ఏ యింటి సమాధానముకొరకు వందనములు చెప్పిరో ఆ సమాధానమునే తాకట్టుపెట్టి వందనములు చెప్పినట్లాయెను. దేవుడు దీనిని కోరెనా? లేదు, ఊరు కోరినది. ఊరు కోరినదానికి దేవుని పేరు పెట్టకుడి.

ఇక రెండవ ప్రక్కనుండి ఒక ఆక్షేపణ వచ్చును. అది న్యాయమైనది గనుక జాగ్రత్తగా వినవలెను. "అయ్యా, చిన్నవాటితో తృప్తిపడుమని చెప్పుట బీదవాని నోరు మూయుటకే గదా? గంజినీళ్లకు వందనములు చెప్పుకొనుచు కూలి పెంచుమని అడుగక పడియుండుమని మీ భావమా?" ఇట్లు చెప్పిన ప్రసంగీకులు లేకపోలేదు. వారు తప్పు చెప్పిరి. కృతజ్ఞత యజమానుని చేతికి ఇచ్చిన ముల్లుకఱ్ఱ కాదు.

అదే అరణ్యములో ఆ ప్రజలు ఏమి కోరుకొనిరో జ్ఞాపకము చేసికొనుడి. ఐగుప్తులోని చేపలను, కీరకాయలను, ఉల్లిపాయలను తలంచుకొని ఏడ్చిరి. ఆ ఉల్లిపాయలు వారికి దొరికినది ఇటుకలు చేసిన బానిసత్వములోనే. నోటి రుచికొరకు మెడమీది కాడిని మరచిరి. దేవుడు వారిని ఐగుప్తులోనే ఉంచి ఉల్లిపాయలకు స్తుతి చెప్పుమనలేదు. మొదట బయటికి తెచ్చెను. తరువాత మన్నా పెట్టెను. చిన్న సంతోషమును బానిసత్వమునకు లంచముగా తీసికొనుట కృతజ్ఞత కాదు, మత్తు. కూలికి పోవు సహోదరీ, సాయంకాలపు విశ్రాంతి విలువ తెలిసినదానవు గనుకనే నీకు రావలసిన కూలిని తలయెత్తి అడుగుము. బిడ్డతో కూర్చుండి తిను ముద్ద దేవుని వరమని నమ్మినదానవు గనుకనే, ఆ ముద్దను తగ్గించువాని యెదుట మౌనముగా నుండకుము. వందనములు దేవునికి, కూలి లెక్క యజమానునితో. రెండును ఒకే నోటితో చెప్పవచ్చును.

ఇప్పుడు పురుషులతో మాటలాడుదును. కంచము ముందు కూర్చుండి, కండ్లు మూసికొని, "ప్రభువా, ఈ ఆహారమునకై స్తోత్రము" అని ప్రార్థన చేయుదురు. కండ్లు తెరచి మొదటి ముద్ద నోటపెట్టి, "కూరలో ఉప్పేదే?" అని భార్యమీద కేకవేయుదురు. ఈ రెండు మాటలకు నడుమ ఎంత కాలము గడచినది? ఆమెన్ చల్లారకముందే తిట్టు! ఆ అన్నము ఆకాశమునుండి కంచములో పడలేదు. ఆమె కోడికూతతో లేచినది, నీళ్లు మోసినది, చేనికి పోయి పత్తి తీసినది, తిరిగివచ్చి పొయ్యి వెలిగించినది. ఇంటిలోని చిన్న సంతోషములని పైన చెప్పినవాటిని మరల చదువుడి. కుండలో నీళ్లు ఎవరు నింపిరి? గోంగూర ఎవరు నూరిరి? కుంకుడుకాయలు ఎవరు నానబెట్టిరి? చేనినుండి ఇద్దరును కలిసియే వచ్చితిరి. నీకు వేడినీళ్లు ఆమె కాచినది. ఆమెకు ఎవరు కాచిరి?

ఇచ్చిన దేవునికి వందనములు చెప్పి, తెచ్చిన చేతిని కసురుకొనువాడు దేవునికిని వందనములు చెప్పలేదు. ప్రభువు మృతులలోనుండి లేచిన తరువాత ఏమి చేసెను? రాత్రియంతయు వలలు వేసి అలసిన శిష్యులకొరకు సముద్రతీరమున నిప్పులమీద చేపలు సిద్ధపరచి, వచ్చి తినుడని పిలిచెను. మరణమును జయించినవాడు పొయ్యి యొద్ద ఉండుటకు సిగ్గుపడలేదు. మన పురుషులకు ఎందుకు సిగ్గు?

దినదినము పొయ్యి యొద్ద చెప్పు వందనము మనకు క్రొత్త బోధ కాదు, మన తల్లులు చేసి చూపినదే. 1912లో దోర్నకల్‌కు బిషప్పుగా అభిషేకము పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు, బీద సంఘములు తమ కాళ్లమీద తాము నిలువవలెనని బోధించిరి. ఆ అధ్యక్షఖండములో స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడు ఒక పిడికెడు ప్రక్కన కుండలో వేసి, సంఘమునకు కానుకగా తెచ్చు అలవాటు పాదుకొన్నది. ఈశాన్యమున మిజోరాంలోని క్రైస్తవ స్త్రీలును 1910 నుండి ఇట్లే చేయుచున్నారు. ఆ పిడికెడులోని మర్మము గమనించితిరా? పంట బాగుగా పండిన యేడని కాదు, ఉద్యోగము వచ్చినదని కాదు. ఎసరు కాగుచున్నది గనుక వందనము. భోజనమైన తరువాత మిగిలినది కాదు, వండకముందే తీసినది. దానికి మైకు లేదు, ఫ్లెక్సీ లేదు. మన దేవాలయములలో ఎన్నో గోడలు ఆ పిడికిళ్లవలన లేచినవి. నేడు ఎన్ని యిండ్లలో ఆ కుండ మిగిలియున్నది? కుండను అటకమీద పెట్టి పందిరిని వీధిలో వేసితిమి.

పరులయొద్దనుండియు ఒక సంగతి నేర్చుకొందము. జగ్గయ్యపేట ప్రక్కన ధనబోడు అను గుట్ట ఉన్నది. అచ్చటి బౌద్ధస్తూపమును 1880ల తొలి సంవత్సరములలో జేమ్స్ బర్జెస్ పరిశోధించెను. అచ్చట దొరికిన శాసనములో, ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని ఇరువదవ యేట, అనగా సుమారు పదునేడు వందల సంవత్సరముల క్రిందట, సిద్ధార్థుడను ఒక పనివాడు స్తంభములు నిలిపినట్లు చెక్కియున్నది. అతడు తన పేరొక్కటే చెక్కింపలేదు. తన తల్లి పేరు, భార్య పేరు, కుమారుని పేరు, కుమార్తె పేరు, తమ్ముని పేరు, తమ్ముని భార్య పేరు వరుసగా చెక్కించెను. అతని మతము వేరు, మనది వేరు. అయినను తన కానుకలో ఇంటివారందరికిని పాలున్నదని ఆ పనివాడు ఎరిగియుండెను. మన ఫ్లెక్సీమీద ఎవరి పేర్లున్నవి? ముఖ్య అతిథిది, ప్రసంగీకునిది, ఇంటి యజమానునిది. వంట చేసినదాని పేరు ఏ మూలనున్నది?

కాబట్టి ప్రియులారా, ఈ రాత్రియే మొదలుపెట్టుడి. కుటుంబ ప్రార్థనలో "సమస్త మేలులకొరకు" అని ఒక్క మాటతో దాటిపోకుడి. ఆ దినమున ఇంటిలో దొరికిన ఒక్క సంతోషమును ఒక్కొక్కరు పేరుపెట్టి చెప్పుడి. చిన్నపిల్లలు మొదట చెప్పవలెను; వారికి బాగుగా కనబడును. ఆ మేలు ఎవరి చేతిమీదుగా వచ్చెనో ఆ పేరుకూడ చెప్పుడి. పురుషుడా, నీ భార్య పేరు ఆమె వినుచుండగా దేవునియెదుట చెప్పుము. రేపు సాయంకాలము చేనినుండి వచ్చిన తరువాత నీవు ఆమెకు వేడినీళ్లు కాచుము. అటకమీది కుండను దింపి కడుగుడి. పెద్ద మేలు కలిగినప్పుడు కూడిక పెట్టుడి, అప్పులేకుండ పెట్టుడి; పప్పన్నమైనను చాలును.

పెద్ద మేలు మీ యింటికి ఎప్పుడు వచ్చునో మీకు తెలియదు, నాకును తెలియదు. ఈ రాత్రి మీ పొయ్యి వెలుగుచున్నది. దానిచుట్టు మీవారున్నారు. మొదట దానికొరకు నోరు తెరువుడి.