కట్టలేని విషము

1986 నవంబరు 1వ తేదీన స్విట్జర్లండులో బాసెలు నగరమునొద్ద సాండోజు సంస్థవారి రసాయనపు గిడ్డంగి తగులబడెను. మంటల నార్పుటకు చల్లిన నీరు క్రిమిసంహారక మందులను గలుపుకొని రైను నదిలోనికి ప్రవహించెను. నది యెఱ్ఱబాఱెను; లక్షకు మించిన మలుగుచేపలు చచ్చెను. ఆ నీటిని నిలిపి పట్టు జలాశయ మచట లేకపోవుటయే నదికి గల్గిన యనర్థమునకు హేతువు.

చెఱువుక్రింద సేద్యము చేయు మనవారికి ఈ పాఠము క్రొత్తది కాదు. కట్ట యెంత బలమైనదైనను తూము తెఱచియున్నచో నీరు నిలువదు గదా! రసాయనపు తొట్ల చుట్టు గట్టు గోడకును ఇదియే ధర్మము. లోపలి పెద్ద తొట్టి పగిలినను ద్రవమంతయు ఆ యావరణములో నిముడవలెను. నేల దాని నింకనీయరాదు. వాననీటిని వదలు కవాటము పని తీరినతోడనే మూయబడవలెను. 2005 డిసెంబరు 11న ఇంగ్లండునందలి బన్స్‌ఫీల్డు చమురు నిలువల యగ్నిప్రమాదమున గోడలుండియు, వాని యతుకులు చెడి కలుషితజలము భూగర్భమున కింకెను.

పరవాడలోను పటాన్‌చెరువులోను రసాయన కర్మాగారము లనేకములు గలవు. గోడకగు వ్యయము యజమానునిది. గోడ లేకున్న నష్టము కూలివానిది, పొరుగురైతుది. లాభ మొకరికి, విష మొకరికి నగుట న్యాయము గాదు. ఏటేట వానకాలమునకు ముందే యధికారులు కార్మికుల సమక్షమున గోడలను, కవాటములను పరీక్షించి, ఫలితములను గ్రామస్థులకు వెల్లడింపవలెనని మేము గట్టిగా కోరుచున్నాము. గండి పడిన పిదప మన్ను మోయుట వివేకము గాదు.