సాసేజ్‌కి మామిడి పాకం

మిర్యాలగూడ దుకాణాల ఫ్రీజర్లలోంచి చికెన్ సాసేజ్ ప్యాకెట్లు దామరచర్ల ఇళ్లకూ చేరుతున్నాయి, పిల్లలు అడుగుతున్నారు గనక. సాసేజ్ అంటే మొదట్లో పేగులో కూరిన మాంసమే. ఆ లెక్కన చింతచిగురు వేసి బోటి వండుకునే మనకు అది మరీ పరాయిదేం కాదు. పేచీ అంతా దానికి పూసే పండ్ల పాకంతోనే. మాంసంలో తీపేమిటని ఇంట్లో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. వాళ్ల తప్పేం లేదు, మన నాలుక మాంసానికి జోడీగా ఒప్పుకున్నది పులుపునే: గోంగూర, చింతచిగురు, మామిడికాయ. నా ఓటు మాత్రం తీపికే, అయితే బత్తాయి తీపికి కాదు. నల్గొండ జిల్లా బత్తాయికి పేరుపడ్డది, చెయ్యి ముందు అటే పోతుంది. కానీ ఆ రసం కాసేపు నిలవున్నా, కాగినా అందులో లిమోనిన్ అనే పదార్థం తేలి చేదెక్కుతుంది. ఒకసారి గిన్నెడు పాకం పారబోశాకే నాకది తెలిసింది. పండు మామిడి గుజ్జును చిక్కబెట్టి, కాస్త చింతపండు పులుసు, ఎండుకారం కలిపితే వేరే సంగతి. సాసేజ్‌లను ముందు సన్నసెగ మీద ఎర్రగా కాల్చి, పాకాన్ని ఆఖరి రెండు మూడు నిమిషాల్లోనే పోయాలి; తొందరపడితే తీపి మాడి బాండీకి అంటుకుంటుంది, తోమే తిప్పలు అదనం. ఉప్పు మాత్రం వేయకండి, ప్యాకెట్ సరుకులో అది ముందే దండిగా ఉంటుంది. అందుకే దీన్ని రోజువారీ కూర చేయొద్దనీ అంటాను. జొన్నరొట్టెతో బాగుంటుంది. అన్నంలో కలుపుకుంటే నాకూ నచ్చలేదు.