అడవి గొర్రె బతకాలి, కాపరీ బతకాలి

అమెరికా పశ్చిమ రాష్ట్రాల కొండల్లో బిగ్‌హార్న్ అనే అడవి గొర్రె ఉంది. పొట్టేళ్లకు చుట్టలు తిరిగిన బరువైన కొమ్ములుంటాయి. ఒకప్పుడు లక్షల్లో ఉన్న ఈ జాతి వేట, మేత కొరత, రోగాల వల్ల ఉత్తర అమెరికా మొత్తంలో లక్షలోపుకు పడిపోయింది. ఇప్పటికీ దాన్ని వదలనిది న్యుమోనియా. అది పెంపుడు గొర్రెల నుంచే సోకుతుంది. గొర్రెలు పెంచేవాళ్లకు ఈ మాట రుచించదు. అయినా పరిశోధనలో తేలిన నిజాన్ని కాదంటే మన వాదనే బలహీనపడుతుంది.

మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అనే సూక్ష్మజీవి పెంపుడు గొర్రెలు, మేకల ముక్కుల్లో ఉంటుంది. వాటికి పెద్దగా ఏమీ కాదు, మహా అయితే దగ్గుతాయి. అడవి గొర్రెకు సోకితే మాత్రం శ్వాసనాళం లోపలి సన్నటి నూగు దెబ్బతిని, మిగతా క్రిములన్నీ ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. మొదటి దెబ్బకు పెద్దవి చస్తాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి, పుట్టిన పిల్లలు రెండు మూడు నెలలకే పోతుంటాయి. తల్లుల్లో కొన్ని రోగాన్ని ముక్కులో మోస్తూ తిరగడమే దీనికి కారణం. అడవి గొర్రెలను కాపాడే టీకా ఇంతవరకు లేదు. అందుకే రెండు రకాల గొర్రెలూ కలవకుండా చూడటమే అక్కడ ప్రధాన మార్గమైంది.

ఆ మార్గం ఖర్చు ఎవరి నెత్తిన పడింది? ఐడహో రాష్ట్రంలోని పాయెట్ జాతీయ అడవిలో 2010లో గొర్రెల మేత భూమిని సుమారు 70 శాతం తగ్గించారు. పెంపకందారులు కోర్టుకు వెళ్లారు. 2016లో అప్పీలు కోర్టు కూడా అటవీశాఖ పక్షమే తీర్పు చెప్పింది. అక్కడ అడవి మేతకు ఉన్నది పర్మిటు మాత్రమే, హక్కు కాదు. కొన్నిచోట్ల వన్యప్రాణి సంఘాలు డబ్బిచ్చి పర్మిట్లు వదిలిస్తున్నాయి. బాగానే ఉంది, మరి పెరూ నుంచి వచ్చి జీతానికి మంద కాసే మనిషి మాటేమిటి?

పైగా భూమి మూసినంత మాత్రాన రోగం ఆగదు. ఎదకాలంలో పోతులు మైళ్ల కొద్దీ తిరుగుతాయి. ఇళ్ల వెనక నాలుగైదు గొర్రెలు పెంచుకునేవాళ్లకు పర్మిటు నిబంధన వర్తించదు. దక్షిణ డకోటాలోని కస్టర్ పార్కులో ముక్కు స్రావాలు పరీక్షించి, రోగం మోసే ఆడగొర్రెలను తీసేస్తే పిల్లలు దక్కాయి. ఇలాంటి పని పెరగాలి. పెంపుడు మందలకూ ప్రభుత్వ ఖర్చుతో పరీక్షలు చేసి, మూసిన చోటికి బదులు మేత చూపించాలి.

ఇక్కడ మనకెందుకు ఈ గొడవ అనుకోవద్దు. 2016–17లో మంగోలియాలో మందల్లోని పీపీఆర్, అంటే మన పారుడు రోగం, సైగా జింకలకు సోకి వేలల్లో చంపింది. రేపు మన అడవుల దగ్గర అలాంటిది జరిగితే ముందు ఆపేది కాపరినే. 2006 అటవీ హక్కుల చట్టం సంచార పశుపోషకుల మేతను హక్కుగా గుర్తించింది, అది మరవరాదు. పారుడు రోగానికి టీకా ఉంది. మందలు అడవి దారి పట్టకముందే ఊరూరా ఆ టీకాలు వేయించమని పశువైద్యశాఖను అడుగుదాం.